దుప్పుల చిట్టా, ఐదో వారం: ఎండకు పడుకున్న కెమెరా

ఎండ 38 డిగ్రీలు దాటితే చుక్కల దుప్పులు మా నీళ్ళ తొట్టి దగ్గరకు రావని, సాయంత్రం 5 దాకా నల్లమల నీడ వదలవని గత నాలుగు వారాలుగా ఎంతో ధీమాగా రాస్తూ వచ్చాను. ఆ మాటను ఈ వారం నేనే కొట్టివేస్తున్నాను.

మంగళవారం ఒంటిగంటకు, జల్లెడ పట్టిన ఇసుకను తొట్టి చుట్టూ రెండు మీటర్ల వెడల్పున, అంగుళం మందాన పరిచి, చెక్కతో చదును చేసి వెళ్ళాను. నాలుగింటికి వచ్చి చూస్తే, మొనదేలిన గిట్టల గుర్తులు కనీసం నాలుగు జంతువులవి ఉన్నాయి, పక్కన ఇంకా మెరుపు పోని పెంటికలు ఉన్నాయి, నీరు రెండు వేళ్ళ మందం తగ్గింది. మేకలను ఆ వైపు తోలనివ్వడం లేదు. జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీయాల్సిన మా కెమెరా కార్డులో మాత్రం ఒక్క ఫొటో కూడా లేదు. "మీ డబ్బా పండుకుంటదేమో గని సారూ, దుప్పుల దప్పిక పండుకోదు" అని మా కాపలా పెద్దాయన నవ్వాడు.

మొదట బ్యాటరీలను అనుమానించి మార్చాను. తరువాత కెమెరాను 90 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 70కి దించి, దూరాన్ని 5 మీటర్ల నుంచి 3కి తగ్గించి, సెన్సార్‌ను 'హై'లో పెట్టాను. బుధవారం వచ్చిన 412 ఫొటోలలో గాలికి ఊగే ఎండుగడ్డి తప్ప ఏమీ లేదు. అప్పుడు గానీ అసలు సంగతి తట్టలేదు: కెమెరాలో కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సార్ పట్టుకునేది వేడిని కాదు, జంతువుకూ దాని వెనుక ఉన్న నేలకూ మధ్య వేడిలో తేడాను. దుప్పి ఒంటి వేడి 38, 39 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. తొట్టి వెనుక చింతచెట్టు నీడలోని మట్టికట్టను మధ్యాహ్నం రెండు గంటలకు గన్ థర్మామీటర్‌తో కొలిస్తే 39.5 వచ్చింది. తేడా లేనప్పుడు దుప్పి ఎదుట నిలబడినా సెన్సార్‌కు అక్కడ ఏమీ లేనట్టే. వేసవి మధ్యాహ్నాలకు సెన్సార్‌ను నమ్మడం కంటే ఇసుకను నమ్మడం మేలని నా అభిప్రాయం.

గురువారం నుంచి 11 మొదలు 4 వరకు నిమిషానికొక ఫొటో తీసేలా టైమ్‌లాప్స్ పెట్టాను. శుక్రవారం 2:20కి ఐదు దుప్పులు, ఒక పిల్ల కనిపించాయి. ఈ పద్ధతి బ్యాటరీలను తినేస్తుంది కాబట్టి రీఛార్జ్ చేసుకునేవి తప్పవు, వాటిలో ఎనెలూప్‌కు సాటి నాకు తగలలేదు. శనివారం రాత్రి వాన తరువాత రెండు రోజులు ఇసుక మీద ఒక్క గుర్తూ పడలేదు. అడవిలో గుంటలు నిండి ఉంటాయి.

వచ్చే వారం కెమెరాను నీడవైపు కాక, దుప్పులు నడిచి వచ్చే ఎండబాటవైపు తిప్పుతాను. అక్కడి నేల 56 డిగ్రీలు చూపుతోంది కనుక దుప్పి చల్లటి ఆకారంగానైనా సెన్సార్‌కు చిక్కుతుందని నా ఊహ; గడ్డిని ముందుగా మూడు మీటర్ల మేర చెక్కించాలి. తొలకరి పడితే ఇసుక బురదవుతుంది, రేకుల చిన్న పందిరి వేయాలేమో. వీటన్నిటికంటే ముందు, పాత పట్టికలో మధ్యాహ్నపు గడులన్నింటిలో నేను వేసిన సున్నాలను చెరిపి, వాటిని ఖాళీగా వదలాలి.