పాత తీగల తెల్ల వైన్లు

ఈ సాయంత్రం పని త్వరగా ముగియడంతో, ఎంతో కాలంగా అనుకుంటున్నట్లుగా, పాత ద్రాక్ష తీగల పండుతో చేసిన డ్రై (తీపి లేని) వైట్ వైన్లను పక్కపక్కన పెట్టుకొని రుచి చూశాను. తెల్ల వైన్లను బాగా చల్లబరిచి తాగడం చాలామందికి అలవాటు. అయితే ఇటువంటి వాటిని మరీ చల్లగా తాగితే పులుపు ఒక్కటే ముందుకు వచ్చి మిగిలిన రుచులన్నీ అణిగిపోతాయి. 12 డిగ్రీల దాకా రానిస్తే అవి మెల్లగా నోరు విప్పుతాయి.

మొదట దక్షిణాఫ్రికాలోని స్వార్ట్‌లాండ్ ప్రాంతపు షెనిన్ బ్లాంక్ అనే ద్రాక్ష రకపు వైన్ పోసుకున్నాను. పందిరి లేకుండా పొదల్లా పెరిగి, వాన మీదే ఆధారపడి బతికే తీగల పండు ఇది. దిగుబడి తగ్గిందని అటువంటి తోటలను పీకివేస్తున్న కాలంలో ద్రాక్ష సాగు నిపుణురాలు రోసా క్రూగర్ దేశమంతా తిరిగి పాత తోటల జాబితా తయారు చేశారు; ఆ కృషి నుంచే 2016లో ఓల్డ్ వైన్ ప్రాజెక్ట్ అనే సంస్థ రూపుదిద్దుకుంది. 35 ఏళ్లు నిండిన తోటల వైన్లకు ఆ సంస్థ ఇచ్చే ముద్రపై తోటను నాటిన సంవత్సరం కూడా ఉంటుంది. సీసా మీద నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించేది ఆ సంవత్సరమే. వాసనలో పియర్ పండు, తేనెమైనం లీలగా తగిలాయి గాని, నన్ను ఆపి ఆలోచింపజేసింది మింగే ముందు నోరంతా పరుచుకున్న నిండుదనం. లేత తోటల షెనిన్‌లలో మొదట సువాసన గుప్పుమంటుంది, చివర పులుపు తగులుతుంది, నడుమ ఏదో ఖాళీ మిగిలిపోతుంది. ఇందులో ఆ ఖాళీ లేదు.

తరువాత గ్రీసు దేశపు సాంటోరిని ద్వీపం నుంచి వచ్చిన అసిర్టికో అనే ద్రాక్ష రకపు వైన్. అక్కడి బలమైన గాలికి తట్టుకునేలా తీగను నేల మీదే బుట్టలా చుడతారు. గుత్తులు ఆ బుట్ట లోపల పండుతాయి. బంకమన్ను దాదాపు లేని ఆ అగ్నిపర్వత నేలలో ద్రాక్ష వేర్లను తినే ఫిలోక్సెరా పురుగు బతకలేదు కనుక, ఐరోపాలో చాలా చోట్ల చేసినట్లు అమెరికా వేరుకు అంటు కట్టవలసిన అవసరం అక్కడ రాలేదు. కాండం అలసిపోయినప్పుడు దానిని నరికివేసి అదే వేరు నుంచి కొత్త చిగురును పెంచుతారు. అందువల్ల కంటికి కనిపించే తీగ కంటే నేలలోని వేరు వయసు ఎంతో ఎక్కువ. అంత ఎండలో పండినా పులుపు చెక్కుచెదరకపోవడం ఈ రకం ప్రత్యేకత. నిమ్మతొక్క చేదు, నాలుక అంచున ఉప్పదనం, వాటి కింద మళ్లీ అదే నిండుదనం.

చివరిది జర్మనీలోని మోజెల్ లోయలో ఉన్న పలకరాతి వాలుల నుంచి వచ్చిన, రీస్లింగ్ అనే ద్రాక్ష రకపు డ్రై వైన్. ఇది మూడింటిలోకీ పలుచనిది. పలుచన అయినా రుచి నడుమన తెగిపోలేదు. నిండుదనం ఆల్కహాల్ వల్లనో, ఓక్ పీపా వల్లనో వస్తుందన్న అనుమానం ఏ కొంచెమైనా మిగిలి ఉంటే, దీనితో తీరిపోయింది.

తీగ వయసే దీనికంతటికీ కారణమా అని చాలాసేపు ఆలోచించాను. ముదిరిన తీగకు గుత్తులు తగ్గుతాయి, లోతుకు దిగిన వేర్లు ఎండనూ వాననూ నిలకడగా తట్టుకుంటాయి, లావెక్కిన కాండంలో ఆహారం నిల్వ ఉంటుంది; ఇవన్నీ నిజమే. మరొక సంగతి కూడా ఉంది. మంచి పండు ఇవ్వని తోటను ఎవరూ అన్నేళ్లు ఉంచరు. కాబట్టి మనం తాగే పాత తీగల వైన్ వెనుక వయసుతో పాటు, తరతరాలుగా సాగిన ఎంపిక కూడా ఉంది. అందుకే ఫ్రెంచి సీసాల మీది ‘వియెయ్ విన్యె’ (పాత తీగలు) అన్న మాట ఒక్కదానిని చూసి నేను కొనను. చట్టంలో దానికి ఇన్నేళ్లన్న నిర్వచనం లేదు. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ 2024లో 35 ఏళ్ల హద్దును సిఫారసు చేయడం మంచి పని. దానిని అన్ని దేశాలూ పాటించాలని నా కోరిక.

షెనిన్ సగం మిగిలింది. గాలి సోకిన మరునాడు లేత తోటల వైన్లు తరచు చప్పబడతాయి. ఇది ఎలా ఉంటుందో రేపు రాస్తాను.