చినతాత సమాధి దొరికింది, ఆధార్ నంబరే దొరకలేదు

మొన్ననే ఇటలీ నుంచి వచ్చాను. కోపం ఇంకా దిగలేదు, అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను. కోపం ఇటలీ మీద కాదు. అక్కడ పని నల్లేరు మీద బండి నడకలా సాగిపోయింది. కోపమంతా ఇక్కడ, మన దగ్గర ఉన్న ఒక ఆఫీసు మీద. మీ ఇంట్లో కూడా యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని మనిషి ఎవరైనా ఉండి, ఆయన్ని ఎక్కడ పూడ్చారో తెలుసుకోవాలని ఉంటే ఇది చదివి బయల్దేరండి.

మా తాతగారి తమ్ముడు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో గుంటూరు జిల్లా నుంచి బెంగళూరు వెళ్ళి మద్రాస్ సాపర్స్‌లో చేరాడు. సాపర్ల పని వంతెనలు కట్టడం, రోడ్లు వేయడం, శత్రువు పాతిపెట్టిన మందుపాతరలు వెతికి తీయడం. 1944 ఎండాకాలంలో ఇటలీలో ఆ మందుపాతరే పేలి పోయాడు. జర్మన్లు చెక్కపెట్టెల్లో చేసిన మందుపాతరలు కూడా వాడేవారట. వాటిలో ఇనుము దాదాపు ఉండదు కాబట్టి యంత్రానికి దొరికేవి కావు. ఆయన్ని చంపింది అలాంటిదో కాదో నాకు తెలియదు. మా తాతమ్మకు మాత్రం చివరిదాకా పింఛను వచ్చేది. మేం లూథరన్ క్రైస్తవులం. ఏటా నవంబరులో సమాధుల పండగ నాడు మావాళ్ళ సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. తాతమ్మ సమాధి పక్కన ఖాళీ నేల మీద మా నాన్న ఒక కొవ్వొత్తి ఎక్కువ వెలిగించేవాడు. ఎవరిదని అడిగితే "బాబాయిది" అనేవాడు.

సమాధి ఎక్కడుందో కనుక్కోవడం మీరనుకున్నంత కష్టం కాదు. 1917లో పుట్టిన కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అనే సంస్థ రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన 17 లక్షల మంది పేర్లు వెబ్‌సైట్‌లో పెట్టింది. పైసా ఖర్చు లేదు. కానీ దయచేసి పేరు కొట్టి వెతక్కండి. మన పేర్లు ఆ రోజుల్లో రాసుకున్న గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులోకి ఎక్కాయి. రత్నం, దాసు, పాదం అని ముగిసే పేర్లయితే ఇక చెప్పక్కర్లేదు. ఇంటిపేరు అసలే ఉండదు. అందుకని రెజిమెంటు, దేశం, సంవత్సరం పెట్టి వడపోయండి. ఆ మిగిలినవాళ్ళలో సర్వీసు నంబరు పోల్చుకోండి. మా తాతమ్మ పింఛను కాగితం మీద ఆ నంబరు ఉంది. మా పెదనాన్న దాన్ని పారేయకుండా బైబిల్లో దాచిపెట్టడం మా అదృష్టం. అంకె అంకె కలిసింది.

సాంగ్రో రివర్ వార్ సిమెట్రీ, ఇటలీ. పేరు, నంబరు, తేదీ, ఏ వరసలో ఎన్నో సమాధి, అన్నీ ఉన్నాయి. చాలామందికి, మన దేశపువాళ్ళలో కూడా, "ఫలానావారి కొడుకు, ఫలానా ఊరు" అని ఒక లైను ఉంటుంది. మా చినతాతకు ఆ చోటు ఖాళీ. నాకు పట్టుదల పుట్టింది అక్కడే. మా ముత్తాత పేరు, మా ఊరి పేరు అందులో ఎక్కించాలి అనుకున్నాను. కమిషన్‌కు రాస్తే, ఆధారాలుంటే పంపండి, పరిశీలిస్తాం అన్నారు. దానికోసం మన సైన్యం పాత రికార్డుల్లో ఏమైనా దొరుకుతుందేమో అని ఇటు రాస్తే, ముందు మీరు బంధువని రుజువు పెట్టండి అన్నారు. న్యాయమే. అంటే కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం కావాలన్నమాట. ఏముంది, తెచ్చేద్దాం అనుకున్నాను.

ఆన్‌లైన్ సెంటర్‌లో కుర్రాడు అప్లికేషన్ తెరిచి మొదట అడిగింది చనిపోయినవారి ఆధార్ నంబరు. "బాబూ, ఆయన పోయింది 1944లో" అన్నాను. "ఎప్పుడు పోయినా ఆ గడి నింపాల్సిందే సార్, లేకపోతే తర్వాతి పేజీ రాదు" అన్నాడు. వరసగా సున్నాలు కొట్టి చూశాడు, తీసుకోలేదు. తొమ్మిదులు కొట్టాడు, అదీ తీసుకోలేదు. నేను ఫోను మాట్లాడి వచ్చేలోపు నా ఆధార్ కార్డు చూసి ఆ నంబరే కొట్టేసి, డబ్బులు తీసుకుని రసీదు చేతిలో పెట్టాడు.

ఆ కాగితం ఆఫీసులో సీటు గుమాస్తా కంప్యూటర్‌లోకి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు పైకి జరిపి, నన్ను చూసి, స్క్రీను చూసి, "ఈ లెక్కన పోయింది మీరే కదండీ!" అన్నాడు. ఆ గదిలో పాస్‌బుక్కుల కోసం వచ్చిన రైతులు, కుల ధృవీకరణకు వచ్చిన పిల్లలు, అందరూ ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాననుకుంటున్నారా? నాకు వచ్చింది టెన్షన్. నేను రిటైరై పింఛను మీద బతుకుతున్నవాణ్ణి. ఆధార్‌లో పోయినట్టు పడితే బతికున్నానని రుజువు చేసుకోవడానికి మళ్ళీ ఎన్ని బల్లల చుట్టూ తిరగాలో నాకు తెలుసు. "ముందు అది కొట్టేయించండి" అని బతిమాలాను. అది కొట్టేయడానికి వేరే అర్జీ, దానికి వేరే రసీదు.

మళ్ళీ తెల్ల కాగితం మీద అర్జీ రాసి పట్టుకెళ్ళాను. మరణ ధృవీకరణ పత్రం ఏదన్నాడు. వెబ్‌సైట్ నుంచి తీసిన ప్రింటు చూపించాను. దాని మీద ముద్ర లేదన్నాడు. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయించుకోవాలి, ఇటలీలోనే తెచ్చుకోండి అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. గొంతు తగ్గించి, "ఇంతకీ సంగతేమిటండీ, భూమా?" అన్నాడు.

మాజీ సైనికులకు ప్రభుత్వం భూమి ఇవ్వడం మనకు తెలిసిందే. పాత సైనికుడి పేరుతో ఎవరైనా కాగితాలు వెతుకుతున్నారంటే ఎకరాల మీద కన్నుపడిందనే వాళ్ళ లెక్క. భూమి కాదు, రిజిస్టరులో తండ్రి పేరు ఎక్కించాలంతే అన్నాను. నమ్మలేదు. "భూమి అయితే భూమని చెప్పండి, దానికి చేసిపెట్టేవాళ్ళు వేరే ఉన్నారు" అన్నాడు. భూమి కోసం వెళ్ళి ఉంటే పని అయ్యేదేమో! ఏమీ వద్దన్న పాపానికి నా అర్జీ మీద అనుమానం పడింది. ఊళ్ళో విచారణ చేయించారు. 1944 నాటి సంగతికి ఇద్దరు పెద్దమనుషుల సాక్ష్యం కావాలట. అప్పటి పెద్దమనుషులందరూ మా తాతమ్మ సమాధి చుట్టుపక్కలే ఉన్నారు, వెళ్ళి అడగమన్నాను.

విచారణ సంగతి ఊళ్ళో పొక్కింది. చినతాత మేనకోడలి కొడుకొకడు, వరసకు నాకు తమ్ముడు, ఇంతవరకూ సమాధుల పండక్కి ముఖం చూపించనివాడు, లగెత్తుకొచ్చి అభ్యంతరం పెట్టాడు. సదరు ఆస్తిలో మాకూ వాటా ఉన్నది, మాకు తెలియకుండా పత్రం ఇవ్వరాదు అని. సదరు ఆస్తి ఇటలీలో ఆరడుగుల నేల. దాన్ని ఎలా పంచుకోవాలో వాడే చెప్పాలి.

ఇద్దర్నీ పిలిపించారు. ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, కూర్చోమనలేదు. అధికారి ఫైలు తిప్పి చూసి, "ఎనభై ఏళ్ళ కిందట పోయినాయన కోసం ఆఫీసు టైము తింటారా? ఈ వయసులో ఇంట్లో పనేం లేదా?" అన్నాడు, తలుపు తెరిచే ఉంది, బయట అందరూ వింటుండగా. ఒక మాట చెప్పుకోవాలి. నేను ఉద్యోగమంతా పోస్టాఫీసు కౌంటరు వెనక చేసినవాణ్ణి. పింఛను మనియార్డరు కోసం వచ్చిన ముసలమ్మను ఒక్కరోజు నిలబెట్టలేదు. నా కుర్చీ ఇచ్చి, నేను నిలబడి లెక్కపెట్టి ఇచ్చేవాణ్ణి. మా సబ్‌పోస్టాఫీసు పరిధిలో ఎవర్నైనా అడగండి. అలాంటి నన్ను బడిపిల్లాణ్ణి చేసి నిలబెట్టారు. నోట మాట రాలేదు. ఇంటికొచ్చాక గానీ ఏమనాలో తోచలేదు. అప్పుడు తోచినవి ఇక్కడ రాయలేను.

చివరికి ఇచ్చింది ఏమిటంటే: "సదరు వ్యక్తి మరణమునకు సంబంధించిన రికార్డు ఈ కార్యాలయమునందు లభ్యము కానందున దరఖాస్తు తిరస్కరించడమైనది." దాన్ని లామినేషన్ చేయించి పెట్టాను.

పని జరిగింది చర్చిలో. నాకు ముందే తట్టాల్సింది అని మా ఆవిడ అంటుంది, అనుకోనివ్వండి. అమెరికా లూథరన్ మిషనరీ హయ్యరు దొరగారు 1842లో గుంటూరుకు వచ్చింది మొదలు మా మిషనువాళ్ళకు రిజిస్టర్లు రాసే అలవాటుంది. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, బీరువా తెరిచి, అట్ట ఊడిపోయిన బాప్తిస్మపు రిజిస్టరు బల్ల మీద పెట్టారు. సిరా గోధుమరంగుకు తిరిగింది గానీ అక్షరాలు గుండ్రంగా, ఒక్కటీ చెరగలేదు. పిల్లవాని పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, నివాసము, బాప్తిస్మమిచ్చినవారు. మా తాతగారు ఒక పేజీలో, కొన్ని పేజీల తర్వాత ఆయన తమ్ముడు, అదే తండ్రి, అదే తల్లి, అదే ఊరు. అయ్యగారు నకలు రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చారు. టీ కూడా ఇప్పించారు. ఆ నకలు, పింఛను కాగితం ఫొటో తీసి పంపితే కమిషన్‌వాళ్ళు అందాయని మర్యాదగా జవాబిచ్చారు. పరిశీలన నడుస్తోంది.

వీసా గురించి రాయడానికేం లేదు, మా అమ్మాయి జర్మనీలో ఉద్యోగం చేస్తోంది, ఆ పిలుపు మీద వచ్చేసింది. ఎవరితో యుద్ధం చేస్తూ ఆయన పోయాడో ఆ దేశం జీతం మీదే మేం ఆయన దగ్గరికి వెళ్ళాం. మ్యూనిక్ నుంచి బొలోన్యా, అక్కణ్ణుంచి సముద్రం పక్కనే రైల్లో పెస్కారా, ఆ కిందికి తోరీనో ది సాంగ్రో. చిన్న ఊరు, కొండ మీద ఉంటుంది. స్టేషను కింద ఉంటుంది. టాక్సీ ముందే మాట్లాడుకోండి.

1943 నవంబరు, డిసెంబరుల్లో సాంగ్రో నది దగ్గర బ్రిటిష్ ఎనిమిదో సైన్యం పెద్ద యుద్ధం చేసింది. మన 8వ ఇండియన్ డివిజన్ అందులో ఉంది. తర్వాత వసంతం దాకా ముందుకూ వెనక్కూ కదలని రోజులు. ఆ రోజుల్లో చుట్టుపక్కల పొలాల్లో, ఊళ్ళ పక్కన ఎక్కడికక్కడ పూడ్చినవాళ్ళను ఆ తర్వాత తెచ్చి ఇక్కడ చేర్చారు. మొత్తం 2,617 సమాధులు. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి: మీవాళ్ళు హిందువులైతే సమాధి కోసం వెతక్కండి. వాళ్ళను దహనం చేశారు. 500 మందికి పైగా పేర్లు అదే ఆవరణలో దహన స్మారకం మీద ఉన్నాయి. అది తెలియక రాళ్ళ మధ్య తిరిగి తిరిగి దొరకలేదని వెళ్ళిపోతారు.

గేటు దగ్గర గోడలో చిన్న అర ఉంటుంది, అందులో రిజిస్టరు, సందర్శకుల పుస్తకం. వరస చూసుకుని వెళ్ళాం. ఆఫీసరుకైనా సిపాయికైనా రాయి ఒకటే ఎత్తు. పచ్చిక అంగుళం హెచ్చుతగ్గు లేదు. చినతాత రాయి మీద సర్వీసు నంబరు, పేరు, రెజిమెంటు, తేదీ, శిలువ. కింద ఖాళీ. ఆ వరసలోనే ఒక ఇంగ్లీషు కుర్రాడి రాయి అడుగున వాళ్ళమ్మ రాయించిన వాక్యం ఉంది. కుటుంబాలు ఒక వాక్యం రాయించుకోవచ్చట. మా తాతమ్మను అడిగినవాళ్ళు లేరు. అడిగి ఉంటే ఆవిడ ఊరుకునే మనిషి కాదు, రాయి చాలేది కాదు.

అలాగని కమిషన్‌వాళ్ళు దేవుళ్ళని అనను. మొదటి యుద్ధంలో పోయిన మనవాళ్ళకూ ఆఫ్రికావాళ్ళకూ సమానంగా గుర్తింపు ఇవ్వలేదని, 45,000 నుంచి 54,000 మందికి అన్యాయం జరిగిందని, ఇంకా లక్షమందికి పైగా పేర్లే ఎక్కలేదని 2021లో ఆ కమిషన్ నివేదికే ఒప్పుకుంది. ఒప్పుకున్నారు కదా, అది చాలు. మన ఆఫీసులో లభ్యము కానందున అని రాసి చేతులు దులుపుకుంటారు.

మేం పట్టుకెళ్ళిన కొవ్వొత్తి ఆ గాలికి నిలవలేదు. అమ్మాయి ఊళ్ళోకి వెళ్ళి, ఇటలీవాళ్ళు వాళ్ళ సమాధుల దగ్గర పెట్టుకునే ఎర్ర ప్లాస్టిక్ డబ్బా దీపం కొనుక్కొచ్చింది. పైన మూత, గాలికి చిన్న కంతలు. బాగా వెలిగింది. సందర్శకుల పుస్తకంలో నేను తెలుగులో రాశాను, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, మండలం, జిల్లా అన్నీ. గడి దాటి పక్క గడిలోకి పోయింది.

మీరు కూడా ప్రయత్నించేటట్టయితే, పింఛను కాగితమో, మెడల్ అంచు మీద నంబరో, ఉత్తరమో, ఏదో ఒక దాని మీద సర్వీసు నంబరు ఉంటుంది, ముందు అది పట్టుకోండి. క్రైస్తవులైతే నేరుగా చర్చికి వెళ్ళండి. ఆన్‌లైన్ సెంటర్‌లో ఉన్నప్పుడు ఫోను వస్తే ఎత్తకండి. బంధువులకు ఏమీ చెప్పకండి. మా అభ్యంతరం తమ్ముడు ఫొటోలు చూసి నిన్న ఫోను చేశాడు: "అన్నయ్యా, వాళ్ళు బంధువులకు విమానం టిక్కెట్టు ఏమైనా ఇస్తారా?" ఇస్తారు, ముందు చినతాత ఆధార్ నంబరు కొట్టాలన్నాను.