పండగ దులుపుళ్లలో కంప్యూటర్ వంతు

జనవరి 11, 2026, ఆదివారం. రాజమండ్రి.

సంక్రాంతి పేరు చెప్పి వారమంతా గోడలు గీకించి సున్నాలు వేయించాం. హాల్లో మూలనున్న కంప్యూటర్ మీద పనివాళ్లు పాత దుప్పటి ఒకటి కప్పేసి వదిలేశారు. సున్నం దుమ్ముకి దుప్పటి ఒక లెక్కా! నిన్నటి నుంచి ఫ్యాన్ మోత వంటింట్లోకి వినిపిస్తోంది. "సర్వీస్ అబ్బాయిని పిలవమ్మా" అన్నారు మామయ్య గారు. పండగ ముందు ఎవరొస్తారు? వచ్చినా పెట్టె విప్పకుండానే "ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్" అంటారు. ఫ్యాన్ మోగితే విండోస్ మొత్తం చెరిపేసి మళ్లీ వేసే ఈ ఫార్మాట్ ఎందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. టిఫిన్లు కాగానే నేనే స్క్రూడ్రైవర్ తీసుకుని కూర్చున్నాను.

ప్లగ్గులన్నీ పీకేసి, లోపల మిగిలిన కరెంటు పోవడానికి పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, సీపీయూని పెరటి అరుగు మీదకి తెచ్చాను. పక్క రేకు తీస్తే చూడాలి! ప్రాసెసర్ మీద అల్యూమినియం రెక్కలు వరసగా ఉంటాయి కదా, వాటి సందుల్లో దుమ్ము పాత పరుపులో దూదిలా అట్టకట్టేసింది. అగ్గిపుల్లతో పొడిస్తే ముక్కలు ముక్కలుగా ఊడి వచ్చింది. గాలి దూరే సందు లేకపోతే వేడి బయటికి పోదు. ఫ్యాన్ ఇంకా గట్టిగా తిరుగుతుంది. అదీ చాలకపోతే కాలిపోకుండా ప్రాసెసరే తన వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు మనం "స్లో అయిపోయింది, కొత్తది కొనాలి" అని మొదలుపెడతాం. ఎన్ని ఇళ్లలో మంచి కంప్యూటర్లు ఈ దుమ్ము వల్లే పాత సామాన్ల వాడికి వెళ్లిపోయాయో.

పక్కింటి వడ్రంగి బాబాయి గారి బ్లోయర్ తెచ్చి ఊదాను. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే ఆ గాలికి అది అదుపు లేకుండా తిరిగి బేరింగు దెబ్బతింటుంది. పవర్ సప్లై డబ్బాని మాత్రం విప్పలేదు, బయటి సందుల్లోంచే ఊదాను. ప్లగ్గు తీసేసినా అందులో కెపాసిటర్లు కరెంటు పట్టుకుని ఉంటాయి. దానితో ఆటలొద్దు.

మావాడు రబ్బరు పట్టుకుని తయారయ్యాడు. "అమ్మా, ర్యామ్ తియ్యి, నేను రుద్దుతా." యూట్యూబ్ చదువు! ఆన్ చేస్తే బీప్ బీప్‌మంటూ తెర మీద ఏమీ రానప్పుడు చేసే వైద్యం అది. పనిచేస్తున్నదాన్ని కదపడం దేనికని వద్దన్నాను. మూతి ముడుచుకున్నాడు. కీబోర్డు చేతికిచ్చి బోర్లించి తట్టమన్నాను. జంతికల ముక్కలు, ఒక పిన్నీసు, వాడి సొంత గోళ్లు రాలాయి.

అన్నీ బిగించి ఆన్ చేస్తే ఫ్యాన్ మోత లేదు కానీ తేదీ 2018 చూపించింది. బ్రౌజర్ తెరిస్తే బ్యాంకు సైటు కూడా నమ్మదగినది కాదంటుంది. మావాడు వైరస్ అని కేకలు. వైరస్ కాదు. మదర్‌బోర్డు మీద గుండ్రటి సెల్లు ఒకటుంటుంది, సీఆర్ 2032, 3 వోల్టులది. ప్లగ్గు తీసేసినప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే తేదీ ఎక్కడికో పోతుంది, తేదీ తప్పితే, సైటు అసలుదేనని బ్రౌజర్‌కి చెప్పే సర్టిఫికెట్లు చెల్లవు. వాచీల షాపులో కొత్తది కొని వేస్తే సరిపోయింది. యూపీఎస్ బ్యాటరీ కూడా పొట్ట ఉబ్బింది. 12 వోల్టులు, 7 ఏహెచ్ అని చీటీ రాసి మావారికిచ్చాను.

ఆ పై పనంతా కూర్చుని చేసేదే. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ (ఆన్ చేయగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాముల జాబితా) చూస్తే, ఎప్పుడూ వాడనివి అరడజను పొద్దున్నే లేచి కూర్చుంటున్నాయి, ఆపేశాను. డౌన్‌లోడ్స్‌లో అందరి ఆధార్లూ, కరెంటు బిల్లులూ, ఒకే రేషన్ కార్డు నాలుగు పేర్లతో. క్లీనర్, బూస్టర్ అని ప్రకటనల్లో కనిపించేవి ఒక్కటీ వేయను. టెంపరరీ ఫైళ్లు తీసేయడానికి విండోస్‌లో ఉన్నది చాలు. మావారు చూసొచ్చి "డీఫ్రాగ్ చేశావా?" అని అడిగారు. ముక్కలైన ఫైళ్లని ఒకచోట చేర్చే ఆ పని పాత హార్డ్ డిస్కుల మాటండీ, విండోస్ ఉన్నది తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీలో, దానికి కావలసింది విండోసే చేసుకుంటుంది అన్నాను.

నాకు అసలు టెన్షన్ మామయ్య గారి ఫైళ్ల గురించి. ఆయన ఏళ్ల తరబడి డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చి అచ్చుకి సిద్ధం చేసే పని, చేశారు. శుభలేఖలు, కరపత్రాలు, భజన సంఘాల పుస్తకాలు, అన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రాములో, 'అను' అనే తెలుగు ఫాంట్లతో. ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే నంబరు ఉండే యూనికోడ్ కాదు కాబట్టి తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే "శ్రీరస్తు" ఉండాల్సిన చోట బ్రాకెట్లూ, డాలర్ గుర్తులూ, పిచ్చి గీతలూ. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఈ కంప్యూటర్‌లో అది ఇంకా తెరుచుకుంటోంది, మంచిదే. సర్వీస్ అబ్బాయి చేత ఫార్మాట్ కొట్టిస్తే ఫైళ్లు మిగిలినా వాటిని చదివే దారి పోయేది.

ఇందులో ఉన్నది విండోస్ 10, దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇది ఏడో తరం ప్రాసెసర్, విండోస్ 11 దీన్ని ఒప్పుకోదు. ఇళ్లలో వాడేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ దాకా ఇస్తారు, అది పెట్టేశాను. ఈలోపు పాత పనంతా గట్టున పడేయాలి.

అందుకే మధ్యాహ్నం భోజనాలయ్యాక మామయ్య గారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ఫైలూ తెరిచి పీడీఎఫ్‌గా మార్చాను. పీడీఎఫ్‌లో అక్షరాల రూపం ఫైల్లోకే వచ్చేస్తుంది, ఫాంటు లేకపోయినా శుభలేఖ శుభలేఖలాగే కనిపిస్తుంది. కాకపోతే అందులో పేరు వెతకడానికీ, కాపీ చేసుకోవడానికీ పనికిరాదు, లోపల ఉన్నది మళ్లీ ఆ పిచ్చి గీతలే. అసలు ఫైళ్లనీ, ఫాంట్ల ఫోల్డర్‌నీ కూడా దాచాను. ఒక కాపీ బయటి హార్డ్ డిస్కులో. ఇంకోటి మా ఆడపడుచు పండక్కి వస్తోందిగా, పెన్‌డ్రైవ్‌లో హైదరాబాద్ పట్టుకెళ్తుంది. ఒకే ఇంట్లో ఎన్ని కాపీలున్నా ఒకటే లెక్క.

పని మాత్రం నత్తనడక. ప్రతి శుభలేఖకీ మామయ్య గారు ఆగిపోతారు. "ఈ పెళ్లికొడుకు తండ్రి నాకింకా రెండొందలు బాకీ అమ్మా." "ఇదిగో, 'ఆహ్వానం'లో వత్తు ఎగిరిపోయింది, అయినా మూడొందల కార్డులు పంచేశారు." ఇప్పుడు దిద్దనా అని అడిగితే నవ్వి, వద్దులే అన్నారు. 2006 దాకా వచ్చాం. ఆ తర్వాతవి సీడీల్లో ఉన్నాయట, సీడీలు అటక మీద ఉన్నాయట. అటక ఇప్పుడే కడిగించాం, కనుమ వెళ్లాక చూద్దామన్నాను.