పదింటికి ప్లగ్గు పీకేస్తారు

బెంగళూరులో రిసెప్షన్‌కి పాటలు, డాన్సులు ఏర్పాటు చెయ్యాలంటే ముందు ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇక్కడ రిసెప్షన్ అంటే క్యూ. స్టేజీ మీద ఇద్దరూ నిలబడి ఉంటారు. కింద కుర్చీల పక్కనుంచి జనం వరుసగా కదులుతూ వచ్చి, కవరు చేతిలో పెట్టి, ఫొటో దిగి, అటునుంచి అటే భోజనాలకి వెళ్ళిపోతారు. ఈ క్యూని లెక్కలోకి తీసుకోని ప్లాను ఏదీ నిలబడదు. మా తమ్ముడి పెళ్లికి ఈ డిపార్ట్‌మెంటు నాకు అప్పగించారు కాబట్టి చెప్తున్నా.

మాది హిందూపురం. అమ్మాయి వాళ్ళు కోలారు వైపు తెలుగువాళ్ళు, రెండు తరాలుగా బెంగళూరు విజయనగర్‌లో ఉంటున్నారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడ. రెండు వైపులా పద్ధతి ఒకటే: ముందురోజు సాయంత్రం రిసెప్షన్, తెల్లారి ముహూర్తం. మా అత్తగారిది తెనాలి. "పెళ్లి కాకుండానే రిసెప్షనేవిటమ్మా" అని ఆవిడ ఇప్పటికీ ఆశ్చర్యపోతూనే ఉన్నారు. ఆవిడ సంగతి ఎలా ఉన్నా, పొద్దున ఆరున్నరకి ముహూర్తం పెట్టుకుని, మూడింటికే లేచి మంగళస్నానాలు చెయ్యాల్సిన పిల్లని రాత్రి ఒంటిగంట దాకా ఎగరమనలేం కదా.

దానికి తోడు చట్టం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. తలుపులు మూసిన హాలుకి మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ ఇళ్ళున్న చోట రాత్రిపూట పరిమితి 45 డెసిబెల్స్. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటేనే అంతకు మించిపోతుంది. మా చౌల్ట్రీకి, అంటే కల్యాణమండపానికి, మూడు వైపులా ఇళ్ళే. ఎవరో ఒకరు పోలీసులకి 112 కొట్టకుండా ఉండరు. మేనేజరు ఈ లెక్కలేవీ చెప్పలేదు. "పదింటికి ప్లగ్గు పీకేస్తాను మేడం" అన్నాడు, అంతే.

అందుకని పది నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చాను. కార్డులో ఏడు గంటలని వేస్తాం. వైట్‌ఫీల్డ్ నుంచి, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి రావాల్సిన ఆఫీసువాళ్ళు ఎనిమిదిన్నరకి గానీ హాలు మెట్లెక్కరు. తొమ్మిది దాకా క్యూ చిక్కగా ఉండి, తొమ్మిదింబావుకి పల్చబడుతుంది. అంటే డాన్సుకి మిగిలేది ముప్పావుగంట. అదీ మంచిదే. ఆపాటికి బయటివాళ్ళు భోంచేసి, తాంబూలం సంచి పుచ్చుకుని వెళ్ళిపోయి ఉంటారు. చుట్టాలు, స్నేహితులే మిగులుతారు. ఎగరాల్సిందీ వాళ్ళే.

ఏడు నుంచి తొమ్మిదింబావు దాకా ఏం చెయ్యాలన్న దగ్గర గొడవొచ్చింది. నాన్నకి ఆర్కెస్ట్రా కావాలి, తమ్ముడికి డీజే కావాలి. నాన్న దృష్టిలో ఆర్కెస్ట్రా అంటే ఇద్దరు గాయకులు, కీబోర్డు, రిథమ్ ప్యాడు, తబలా. సరే, తొమ్మిదింబావు దాకా నాన్నది, తర్వాత తమ్ముడిది అని తీర్పు చెప్పేశాను. ఆర్కెస్ట్రాకి ఒక్కటే షరతు: పక్కనున్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలగాలి. ఏళ్ళ తర్వాత కనిపించిన మేనత్తతో సైగలతో మాట్లాడించే పెళ్ళిళ్ళు చాలా చూశాను. నాకు అవంటే ఒళ్ళు మంట.

పాటల ఎంపిక నేననుకున్నంత కష్టం కాలేదు. అమ్మాయి తాతగారు కన్నడ హీరో రాజ్‌కుమార్‌కి భక్తుడు. "మీ తెలుగు పాటల మధ్య ఆయన పాటలు నాలుగైనా ఉండాల్సిందే" అన్నారు. రాజ్‌కుమార్ 1970లలో తన పాటలు తనే పాడుకోవడం మొదలుపెట్టక ముందు ఆయనకి ఎక్కువగా గొంతిచ్చింది పి.బి.శ్రీనివాస్. ఆ మహానుభావుడు పుట్టింది మన కాకినాడలో. గుంటూరు జిల్లా జానకమ్మ, నెల్లూరు బాలు కన్నడంలో ఎన్ని పాడారో లెక్కే లేదు. కాబట్టి ఈ ముగ్గురి పాటలే కన్నడం ఒకటి, తెలుగు ఒకటి చొప్పున కలిపి రాసిచ్చాను. మా పెద్దనాన్న భాష పట్టించుకోకుండా గొంతు పట్టుకుని "బాలూనే కదా" అని తల ఊపుతూ కూర్చున్నాడు.

డీజే కుర్రాడిది బాగేపల్లి. పేరుకి కర్ణాటక, మాట అచ్చం మా ఊరి మాటే. హాలు చూడ్డానికి రాగానే నడిమధ్య నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టాడు. అది నాలుగు గోడలకీ తగిలి గొల్లున తిరిగొచ్చింది. కింద గ్రానైటు, పక్కన అద్దాలు, పైన రేకు. "స్టేజీ దగ్గర రెండు పెద్ద బాక్సులు పెడితే ముందువరస చెవులు పోతాయి, వెనకవాళ్ళకి మోత తప్ప మాట వినపడదు అక్కా. చిన్నవి నాలుగు పక్కలకి పెడదాం, బేసు డాన్సు దగ్గర మాత్రం ఉంచుదాం" అన్నాడు. జనం నిండితే మోత కొంత తగ్గుతుందట, బట్టలు, ఒళ్ళు పీల్చుకుంటాయి కాబట్టి. పొగ మిషను, నిప్పురవ్వల గొట్టాలు కూడా ప్యాకేజీలో ఉన్నాయన్నాడు. వద్దన్నాను. పట్టుచీరల మధ్య నిప్పురవ్వలేంటి?

ఆ కుర్రాడి దగ్గర ఇంకో సంగతి నేర్చుకున్నా. డాన్సు మొదలుపెట్టేటప్పుడు నాలుగు దెబ్బల పబ్బు పాట వేస్తే పిల్లలు తప్ప ఎవరూ లేవరు. మన డప్పు, ఇక్కడి తమటె వాయించే తకిట తకిట నడక వేస్తే అత్తలు, పిన్నులు కూర్చున్న చోటే భుజాలు కదుపుతారు. ఎవరూ నేర్పక్కర్లేని నడక అది. అందుకని మొదటి నాలుగు పాటలూ ఆ మూడు దెబ్బల తిశ్రం పాటలే. ఒక్కోటి పల్లవి, ఒక చరణం, అంతే. రెండు నిమిషాలు దాటితే పెద్దవాళ్ళకి ఆయాసం. వాళ్ళు చెమటలు తుడుచుకుంటూ కుర్చీలు వెతుక్కునే వేళకి కుర్రకారు పాటలు.

జంట డాన్సు దగ్గర పెద్దనాన్న అడ్డం తిరిగాడు. "తాళి కట్టకముందే స్టేజీ మీద గంతులా?" మరదలు అప్పటికే నెలరోజులుగా ప్రాక్టీసు చేస్తోంది, ఆ పిల్ల మొహం చూడలేకపోయాం. చివరికి ఇద్దర్నీ స్టేజీ దింపేసి, కింద పది మంది కజిన్ల మధ్య నిలబెట్టాం. గుంపులో ఎవరు ఎవరితో ఎగురుతున్నారో తెలియలేదు కాబట్టి పెద్దనాన్న పరువు దక్కింది. పైగా స్టేజీ దిగితేనే క్యూ తెగుతుంది. అక్కడే ఉంటే మెట్ల దగ్గర ఇంకెవరో ఒకరు కవరుతో నిలబడే ఉంటారు.

చిన్నపిల్లల డాన్సులు మాత్రం ఎనిమిదికే పెట్టేశాం, ఆర్కెస్ట్రా టీ విరామంలో. తొమ్మిదికి వాళ్ళు నిద్రపోతారు. మైకు పట్టుకుంటే వదలని మా చిన్నాన్నకి ముందే ఒక పని ఇచ్చాం: భోజనాల ప్రకటన. ఆయన దాన్నే పదిసార్లు చెప్పుకుని తృప్తిపడ్డాడు.

పెళ్లికి వారం ఉందనగా చౌల్ట్రీ ఆఫీసువాళ్ళు "మ్యూజిక్ లైసెన్సు కాగితం తెచ్చారా, లేదంటే మేమే ఇప్పిస్తాం, ఇంతవుతుంది" అన్నారు. మా ఆయన కాపీరైట్ చట్టం, 1957 లోని సెక్షన్ 52(1)(జడ్ఏ) ప్రింటు తీసి వాళ్ళ బల్ల మీద పెట్టారు. మతపరమైన వేడుకల్లో పాటలు వినిపిస్తే ఉల్లంఘన కాదని, ఆ వేడుకల్లోకి పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర సంబరాలు కూడా వస్తాయని అందులోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ శాఖ 2023 జులైలో ఇదే విషయం మీద నోటీసు కూడా ఇచ్చింది. దాన్నీ జత చేశారు. తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

భోజనాలు కింది అంతస్తులో. అక్కడ ఫోను సిగ్నలు సున్నా. పాటలు నెట్ మీద నుంచి పెట్టుకుందామనుకునేవాళ్ళు ఇది గమనించండి. పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ వాయించినవి ఒక పాత ఫోనులో ముందే దింపి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, రెండు చిన్న స్పీకర్లకి తగిలించాను. ఫ్లైట్ మోడ్ మర్చిపోతే కళ్యాణి రాగం మధ్యలో ఎవరిదో లోన్ కాల్ మోగుతుంది. వడ్డించేవాళ్ళ కేకలు, మాండొలిన్, రెండూ బాగానే కలిశాయి. అమ్మాయి మేనమామ రెండోసారి హోళిగ (మన బొబ్బట్టే) వేయించుకుంటూ "ఇక్కడే బాగుందమ్మా, పైన మోత" అన్నాడు. పైన ఇంకా ఆర్కెస్ట్రాయే!

పదికి రెండు నిమిషాలుండగా మేనేజరు నిజంగానే స్విచ్ బోర్డు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. బాగేపల్లి కుర్రాడు ఆయన్ని చూసి, చివరి పాట మెల్లగా తగ్గించుకుంటూ తనే ఆపేశాడు. మా వాళ్ళు ఇంకొకటి, ఇంకొకటి అని అరిచారనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు మా పిన్ని కొడుక్కి డిసెంబరు మొదటివారంలో ముహూర్తం పెట్టారు, ధనుర్మాసం రాకముందే. పాటల జాబితా పంపమని వాడు రోజూ మెసేజి పెడుతున్నాడు. జాబితా తర్వాత పంపిస్తాను గానీ, హాలు జనరేటరు మైకుసెట్టుకీ, డీజే బాక్సులకీ కూడా వస్తుందో, ఒక్క లైట్లకేనో ముందు కనుక్కోమన్నాను. ఇంకా కనుక్కోలేదు.