లైబ్రరీ మెట్లని అమ్మిన మంచం మెట్లు: నా అనుభవం

ఇంగ్లండ్‌లో పాత ఫర్నిచర్ వేలాలకు వెళ్లేవాళ్లకు ఈ వస్తువు బాగా తెలుసు. నడుం దాకా రాని ఎత్తు, మహాగని చెక్క, మూడు మెట్లు, ఒక్కో మెట్టు మీద పచ్చ తోలు. కేటలాగ్‌లో మాత్రం చాలాసార్లు ‘లైబ్రరీ మెట్లు’ అని ఉంటుంది. నిజానికి ఇలాంటివాటిలో చాలా వాటిని చేసింది పుస్తకాలు అందుకోవడానికి కాదు, మంచం ఎక్కడానికి. ఆ తేడా తెలుసుకుని, ఆధారాలు చూసుకుని ఒకటి ఎలా కొన్నానో రాస్తున్నాను. ఇక్కడ పాత సామాను మీద ఇష్టం ఉన్న మనవాళ్లకు పనికొస్తుంది.

ముందు ఇవి ఎందుకు పుట్టాయో తెలియాలి. 1800-1840 మధ్య డబ్బున్నవాళ్ల ఇళ్లలో పరుపు మీద పరుపు వేసేవాళ్లు. అడుగున గడ్డిది, దాని మీద ఉన్నిది, అన్నిటికీ పైన ఈకలది. మంచం అంత ఎత్తయ్యాక మెట్లు కావాల్సిందే. ఇంట్లో మరుగుదొడ్లు అరుదు కాబట్టి ఆ ఏర్పాటు కూడా మెట్లలోనే చేశారు. మధ్య మెట్టు సొరుగులా ముందుకు వస్తుంది. దాని పై పలక ఎత్తితే గుండ్రటి రంధ్రం, అందులో పింగాణీ కుండ. పై మెట్టు మూత తీస్తే ఇంకో చిన్న అర. అన్నీ మూసేస్తే మామూలు మెట్లే. ఆ వడ్రంగుల తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది.

లైబ్రరీ మెట్ల కథ వేరు. వాటిలో చాలా వరకు ఎత్తుగా, పక్కలు తెరిచి, పట్టుకోవడానికి కర్రతో ఉంటాయి. ఇంకొన్ని వేరే వస్తువులో దాక్కుంటాయి. లండన్‌లో రాబర్ట్ క్యాంప్‌బెల్ అనే ఫర్నిచర్ తయారీదారు బల్లల్లోకి మడిచిపెట్టే మెట్లకు 1774లోనే పేటెంట్ తీసుకున్నాడు. 1811 నాటికి మోర్గన్ అండ్ శాండర్స్ వాళ్లు కుర్చీనే మెట్లుగా మార్చేశారు. వీపు భాగం పట్టుకుని ముందుకు తిప్పితే నాలుగు మెట్లు సిద్ధం. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కీ కూర్చునే చెక్క ఎత్తితే నిచ్చెనయ్యే కుర్చీ ఉండేది. అది ఫిలడెల్ఫియాలోని అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీ దగ్గర ఉంది.

ఇక నా వేట. వేలానికి ముందు సరుకు చూసుకోనిచ్చే రోజున టార్చి, టేపు పట్టుకుని వెళ్లేదాన్ని. అక్కడివాళ్లను అడిగి వస్తువును బోర్లా పెట్టించేదాన్ని. పైన పాలిష్ ఎవరైనా ఎప్పుడైనా పెట్టొచ్చు, అడుగు భాగాన్ని ఎవరూ పట్టించుకోరు. రెండు వందల ఏళ్లు గాలి తగిలిన చెక్క అడుగున ఎండిపోయి, బూడిద కలిసిన గోధుమరంగులో ఉంటుంది. రంపం గీతలు తిన్నగా ఉంటే చేతి పని అయ్యే అవకాశం ఎక్కువ. విల్లులా వంగి ఉంటే గుండ్రటి యంత్ర రంపం పని, అంటే ఎక్కువగా తర్వాతి కాలం సరుకు.

ఒకచోట అంతా బాగానే ఉందనిపించింది, ధర కూడా అందుబాటులోనే. కానీ మధ్య మెట్టు కదల్లేదు. కింది నుంచి టార్చి వేస్తే రంధ్రం ఉండాల్సిన చోట ప్లైవుడ్ ముక్క కొట్టేసి ఉంది. కుండ తీసేసి, సొరుగును జిగురుతో బిగించి, లైబ్రరీ మెట్లుగా మార్చారు. చేసిన చోటు కనబడకుండా కొత్త తోలు వేశారు. చాలా బాధేసింది. అంత చక్కటి పనిని, సిగ్గుపడాల్సిన విషయంలా దాచేశారు.

చివరికి కొన్నదాన్ని కూడా కేటలాగ్‌లో లైబ్రరీ మెట్లనే రాశారు. కుండ లేదు గానీ రంధ్రం అలాగే ఉంది, మధ్య మెట్టు కాస్త గట్టిగా లాగితే వచ్చింది. మూత బందులో ఒక స్క్రూ వదులై వేలితోనే ఊడింది. దాని మొన మొద్దుగా ఉంది, తల మీది గాడి మధ్యలో కాకుండా ఒక పక్కకు ఉంది, మరలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. మొనదేలిన యంత్రపు స్క్రూలు మామూలైంది 1850 ప్రాంతంలో కాబట్టి ఇది అంతకు ముందుదన్న ధైర్యం వచ్చింది. తోలు అంచు లేచిన చోట కింద చిన్న చిన్న మేకు రంధ్రాలు వరసగా ఉన్నాయి. అంటే మొదట అక్కడ కార్పెట్ ఉండేది. రాత్రిపూట ఉత్తి కాళ్లతో ఎక్కే మెట్లకు కార్పెట్ వేయడమే సహజం. నాకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం అదే.

పాట మొదలయ్యాక టెన్షన్ మామూలుగా ఉండదు. పాడిన ధర మీద వేలం సంస్థ కమిషన్ చాలాచోట్ల 20 శాతం దాటుతుంది, ఆ కమిషన్ మీద మళ్లీ 20 శాతం వ్యాట్. ఆ లెక్క ముందే వేసుకుని, నా హద్దు కాగితం మీద రాసుకుని కూర్చున్నాను.

ఇంటికి తెచ్చాక, పాత పాలిష్ గీకేసి కొత్తగా మెరిపిస్తానని ఒక పనివాడు చెప్పాడు. వద్దన్నాను. లోపలి వైపు కనబడని చోట దూదికి స్పిరిట్ అద్ది రుద్దితే పూత జిగటగా కరిగింది. అంటే లక్క పూత. లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్ ఇంగ్లండ్‌లో 1820 ప్రాంతంలో బాగా వాడుకలోకి వచ్చింది, ఆ లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. మాది ఏటికొప్పాక దగ్గర. తిరిగే అంకుడు కర్రకు లక్క అద్దడం చిన్నప్పటి నుంచీ చూసినదాన్ని, ఆ పూత గీకేయడానికి ఎలా ఒప్పుకుంటాను? తేనెమైనం పలుచగా రాసి, మెత్తటి గుడ్డతో తుడిచాను, అంతే.

చెక్క సంగతి కూడా చెప్పాలి. 1721లో బ్రిటన్ తన అమెరికా వలసల కలప మీద సుంకం ఎత్తేశాక జమైకా నుంచి, తర్వాత హోండూరాస్ తీరం నుంచి మహాగని వెల్లువలా వచ్చింది. ఆ చెట్లు నరికింది ఎక్కువగా బానిసలు. కేటలాగ్‌లలో ఈ మాట కనబడదు. నా దగ్గరున్న వస్తువు వివరాల కాగితంలో మాత్రం రాసి పెట్టాను.

ఇప్పుడు పచ్చ తోలు తీయించి ఆ కాలపు నమూనా కార్పెట్ వేయించాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. తోలు కూడా ఇప్పటికి పాతదే కాబట్టి తొందరపడటం లేదు. కుండ కోసం మాత్రం రంధ్రం కొలత పర్సులో పెట్టుకుని పాత సామాను సంతలన్నీ తిరుగుతున్నాను.