ఒగ్గు కథపై పిహెచ్.డి.: నా అనుభవం

ఎం.ఏ. తెలుగు పూర్తిచేసి, నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. (పరిశోధక వేతనం) సాధించిన తర్వాత నేను ఒగ్గు కథను పరిశోధనాంశంగా ఎంచుకున్నాను. కురుమ, గొల్ల కళాకారులు డోలు, తాళాలతో మల్లన్న వంటి దేవుళ్ల గాథలు చెప్పే తెలంగాణ జానపద ప్రదర్శన ఇది. కథలోని సాహిత్య విలువలను వివరించడమే మొదట నా ప్రణాళిక. ప్రవేశ ఇంటర్వ్యూలో ఒక ఆచార్యులు, డోలును, తాళాన్ని, వంతలవాళ్ల మాటలను పక్కన పెట్టి ఒగ్గు కథకు విలువ కట్టడం ఎలా కుదురుతుందని అడిగారు. ఆ తర్వాత నేను చేసిన పని అంతా ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే.

కోర్స్‌వర్క్‌లో పరిశోధన పద్ధతులతో పాటు విక్టర్ టర్నర్, రిచర్డ్ షెక్నర్ వంటివారి ప్రదర్శన సిద్ధాంతాలు చదివాం. బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో వేసిన జానపద పరిశోధన బాటను కూడా అప్పుడే శ్రద్ధగా అధ్యయనం చేశాను. ఇవన్నీ అవసరమే అయినా, నాకు అసలైన చదువు సిద్దిపేట జిల్లా కొమురవెల్లిలోను, ఆ చుట్టుపక్కల కురుమల, గొల్లల ఇళ్లలోను దొరికింది.

కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతికి మొదలై, ఆదివారం ఆదివారం భక్తులతో నిండుతూ ఉగాది దాకా సాగుతుంది. ఆ రోజుల్లో ఒక ఇంట్లో పట్నం వేయడం, అంటే దేవుడి పూజ కోసం రంగుపొడులతో పెద్ద ముగ్గు వేయడం, మొదటినుంచి చివరిదాకా చూశాను. అలికిన నేలమీద ఒగ్గు పూజారులు బియ్యప్పిండి, పసుపు, కుంకుమ, ఆకుపొడి వేళ్ల సందునుంచి సన్నగా జారవిడుస్తూ గళ్లు నింపుతుంటే, పక్కన కథ నడుస్తూనే ఉంది. మల్లన్న మేడలమ్మను పెళ్లాడే ఘట్టంలో ప్రధాన కథకుడు కండువాను కొంగులా తలమీద కప్పుకుని మేడలమ్మ అయ్యాడు, వంతపాటగాడు ఆమెను ప్రశ్నలడుగుతూ కథను ముందుకు నడిపాడు. మరునాడు పగటిపూట అదే ఘట్టాన్ని నెమ్మదిగా చెప్పమని అడిగితే ఆ పెద్దాయన నాలుగు మాటల దగ్గరే ఆగిపోయి, “డోలు లేకుంటే నాకు మాట యాదికి రాదు బిడ్డా” అన్నాడు.

అందువల్ల నా లిఖిత పాఠాన్ని మూడు వరుసలుగా రూపొందించాను: మొదటిదానిలో కథకుడి మాట, రెండోదానిలో వాద్యం, మూడోదానిలో వంతలవాళ్ల, ప్రేక్షకుల స్పందన. ఒక గంట రికార్డింగును ఇలా రాయడానికి ఎన్నో రోజులు పట్టేది. కానీ కథకుడు ఎక్కడ వచనం వదిలి పాట ఎత్తుకుంటాడో, జనం ఉత్సాహాన్ని బట్టి వర్ణనను ఎంత పొడిగిస్తాడో ఆ వరుసలను పక్కపక్కన చూసినప్పుడే నాకు తెలిసింది.

సమీక్షా సంఘంలో ఒక సభ్యులు కథకుల తెలంగాణ మాటలను ప్రామాణిక భాషలోకి మార్చమని సూచించారు. నేను ఒప్పుకోలేదు. ఉచ్చారణను దిద్దితే దరువుకు కుదిరిన మాట పొడవు మారిపోతుందని రికార్డింగు వినిపించి చూపించాను, అర్థాల పట్టికను అనుబంధంగా చేర్చాను. మా పర్యవేక్షకురాలు నా పక్షాన నిలబడ్డారు. ఆ మేడమ్‌కు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఆ తర్వాతివి అందరూ దాటే మెట్లే: ప్రీ-సబ్మిషన్ సెమినార్, ఇతర రచనలతో సారూప్యత 10 శాతం మించకూడదన్న యు.జి.సి. నిబంధన ప్రకారం తనిఖీ, బయటి పరీక్షకుల నివేదికలు. వైవాలో (మౌఖిక పరీక్షలో) అధిక భాగం మూడు వరుసల పాఠంపైనే చర్చ జరిగింది. అందరికీ తెరిచిన ఆ సభకు కథకుల బృందం కూడా వచ్చింది. పరీక్షకులు అడిగిన ఒక ప్రశ్నకు, అధ్యక్షుల అనుమతితో, వాళ్లే డోలు వాయించి జవాబు చెప్పారు.

సిద్ధాంత గ్రంథం ఇప్పుడు భారతీయ విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో ఉంది. రికార్డింగులను మాత్రం బహిరంగంగా పెట్టలేదు. వాటిలో పూజకు సంబంధించిన భాగాలున్నాయి కనుక, ఎవరైనా వినాలంటే ముందు ఆ కుటుంబాల అనుమతి తీసుకోవాలని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని, ప్రతులను వాళ్లకే అప్పగించాను.