వాచినవాళ్ళు, వాచనివాళ్ళు

మన బడి సంచికలో మాస్టర్ల గురించీ నాటకాల గురించీ రాసేవారు చాలామంది ఉన్నారు. నేను బడిలో మాకు వేసిన టీకా సూదుల గురించి రాస్తాను. 1950 ప్రాంతంలో మదనపల్లెలో ఫస్టు ఫారం (ఇప్పటి ఆరో తరగతి) చదివినవారికి అవి తప్పని పాఠాలే.

ఊరి దగ్గరే ఆరోగ్యవరం. 1915 నుంచి అక్కడ క్షయ (టి.బి.) రోగుల ఆసుపత్రి, శానిటోరియం ఉంది. దేశంలో క్షయ రాకుండా వేసే బి.సి.జి. టీకా 1948లో ప్రయోగాత్మకంగా మొదలైంది మదనపల్లెలోనే. దేశవ్యాప్తంగా పెద్ద ఎత్తున వేయడం 1951లో మొదలయ్యేసరికి మేము ఆరితేరిపోయాం.

అది రెండు దఫాల వ్యవహారం. మొదటిసారి ముంజేతి చర్మంలోకి సన్నటి సూదితో ట్యూబర్‌కులిన్ అనే పరీక్ష మందు ఎక్కించేవారు. మూడు రోజులకు మళ్ళీ వచ్చి వాపు కొలిచేవారు. వాపు లేనివారికే బి.సి.జి. వాచినవారికి అక్కర్లేదు. క్షయ క్రిమి వాళ్ళ ఒంట్లోకి అంతకుముందే చేరిందని దాని అర్థం. అంతమాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు.

ఆ చివరి మాట మాకెవరూ చెప్పలేదు. నా పక్కన కూర్చునే అబ్బాయికి చెయ్యి వాచింది. టీకా వేయకుండా పక్కన నిలబెట్టారు. సాయంత్రానికల్లా వాడికి క్షయ అని బడంతా పాకింది. వాళ్ళమ్మ కొన్నాళ్ళు బడికి పంపలేదు. వచ్చాక కూడా వాడి చెంబుతో నీళ్ళు ఎవరూ తాగలేదు. అంత పకడ్బందీగా కొలతలు రాసుకున్నవారికి పిల్లలతో రెండు ముక్కలు మాట్లాడే తీరిక ఎందుకు లేదో నాకిప్పటికీ అర్థం కాదు.

టీకా తప్పించుకోవాలని కొందరు ఘనులు సూది పడ్డచోట గోకి ఎర్రగా చేసుకునేవారు. కొలిచే ఆయన వేలితో తడిమి, గట్టిపడిన మేర మాత్రమే లెక్కలోకి తీసుకునేవాడు. ఎరుపుకు మార్కులు లేవు!

మశూచి టీకా దీనికంటే మొరటుది. చర్మం మీద లాన్సెట్ అనే చిన్న వాడి పనిముట్టు ఆనించి గిర్రున తిప్పేవారు. మా వయసువారి చేతుల మీద ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి.

1955లో మద్రాసు మాజీ ముఖ్యమంత్రి రాజాజీ బి.సి.జి.ని వ్యతిరేకిస్తూ గట్టిగా రాశారు. మా తాతయ్య ఆయన భక్తుడు. అప్పటికే నా భుజం మీది టీకా పుండు మాని ఏళ్ళయింది కనుక చేయగలిగిందేమీ లేక, టీకా వేయించిన నాన్నతో వాదనకు దిగేవాడు. తరవాత 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో బి.సి.జి. మీద పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. పెద్దల్లో వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపుతున్నట్టు అందులో తేలలేదు. పసిపిల్లల్లో మెదడు పొరలకు వచ్చే క్షయ నుంచి కాపాడుతుంది కాబట్టి ఇప్పటికీ పుట్టగానే వేస్తున్నారు. ఆ ఫలితాలు వచ్చేనాటికి తాతయ్య లేడు. నాన్న మాత్రం ఆ కబురు విని, గెలిచింది తానేనని అన్నాడు.